స్కేలున్న 10 రెట్ల భూతద్దం: యుద్ధం నాటి ట్రక్కుల ఫోటోలు చూసేవాళ్లు తప్పక కొనాల్సింది

రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫోటోలో ఓ మూల మిలటరీ ట్రక్కు కనబడితే చాలు, అది ఎవరిది, ఏ మోడల్ అన్నది తేలేదాకా నాకు మనసు ఆగదు. ఇన్నాళ్లూ ఫోన్‌తో ఫోటో తీసి జూమ్ చేసుకుని చూసేవాణ్ణి. ఎనిమిది నెలల కిందట 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం కొన్నాను. చేత్తో పట్టుకునే రకం కాదు, ఫోటో మీద నేరుగా నిలబడేది, వెలుతురు లోపలికి రావడానికి కింది భాగం పారదర్శకంగా ఉంటుంది, అడుగున గాజు మీద 0.1 మిల్లీమీటరు గీతలతో చిన్న స్కేలు ఉంటుంది. ఆ స్కేలు కోసమే ఈ రివ్యూ రాస్తున్నాను.

ఎందుకంటే జీఎంసీ సీసీకేడబ్ల్యూ ఉంది కదా, అమెరికా వాళ్లు 5 లక్షలకు పైగా తయారుచేసిన రెండున్నర టన్నుల ఆరు చక్రాల బండి, అందులో పొడుగు మోడల్ 353కి వీల్‌బేస్, అంటే ముందు చక్రం మధ్య నుంచి వెనక రెండు ఇరుసుల నడిమధ్యకి ఉన్న దూరం, 164 అంగుళాలు, పొట్టి మోడల్ 352కి 145. నా దగ్గరున్న ఫోటోలో వెనక తొట్టి కనబడకుండా సైనికులు నిలబడి ఉన్నారు, చూడగానే పొట్టిదే అనుకున్నాను. భూతద్దం పెట్టి కొలిచాను. టైర్లు కాస్త బురదలో దిగి ఉన్నాయి కాబట్టి హబ్ (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి టైరు పైఅంచు దాకా కొలిస్తే 1.6 మిల్లీమీటర్లు, రెట్టింపు చేస్తే 3.2. ముందు హబ్ నుంచి వెనక రెండు ఇరుసుల నడిమధ్యకి 14.5. అంటే టైరు ఎత్తుకి నాలుగున్నర రెట్లు. పొట్టిదైతే సుమారు నాలుగు రెట్లే రావాలి. అమెరికా సైన్యం ఆ బండికి వేసిన మాన్యువల్ టీఎం 9-801 పక్కన పెట్టుకుని సరిచూసుకున్నాను, పొడుగుదే! బండికి సరిగ్గా పక్క నుంచి తీసిన ఫోటో అయితేనే ఈ లెక్క పనికొస్తుంది, ఏటవాలుగా తీసినదాంట్లో వీల్‌బేస్ కుదించుకుపోయి మోసం చేస్తుంది.

ఫోటోల్ని షార్ప్ చేసే ఏఐ యాప్ ఉండగా ఇదెందుకు అని అడిగేవాళ్లున్నారు. నేనూ ఒకటి వాడాను, పేరు అనవసరం. ఫోటోలో గ్రిల్ మీద మెరుపు గుర్తుతో ఓపెల్ బ్లిట్జ్ అనే జర్మన్ ట్రక్కు, నంబర్ ప్లేటు మసగ్గా ఉంది. యాప్ దాన్ని శుభ్రంగా డబ్ల్యూఎల్ అని దిద్ది ఇచ్చింది. డబ్ల్యూఎల్ అంటే జర్మన్ వైమానిక దళం బండి, దాంతో రెండు వారాలు వైమానిక దళం యూనిట్ల వెంట తిరిగాను. తర్వాత అసలు ప్రింటు మీద భూతద్దం పెడితే ఆ రెండో అక్షరానికి కుడివైపు గీత, మధ్య అడ్డగీత పలచగా కనబడుతున్నాయి. అది హెచ్. డబ్ల్యూహెచ్ అంటే జర్మన్ ఆర్మీ బండి, వెతుకులాట అంతా మళ్లీ మొదటికొచ్చింది. యాప్ ఇచ్చే బొమ్మ అందంగా ఉంటుంది, కానీ అందులో ఏ గీత ఫోటోలోది, ఏది అది కల్పించింది అన్నది మనకి తెలియదు. అది నాకు చాలా బాధ కలిగించింది.

ఇంకో ఉపయోగం, చేతిలో ఉన్నది అసలు ఫోటోనా, పత్రికలోంచి కత్తిరించిందా అన్నది క్షణంలో తెలిసిపోతుంది. అచ్చుదైతే చుక్కలు చుక్కలుగా విడిపోతుంది, ఆ చుక్కల వెనక ఇక వెతకడానికి ఏమీ ఉండదు.

లోపాలు కూడా చెప్పాలి. ఒక్కసారికి కనబడేది చాలా తక్కువ జాగా. అరగంట దాటితే కళ్లు లాగుతాయి. చౌక రకాల్లో అంచుల దగ్గర గీతలు వంకరపోయి రంగుల అంచు కనబడుతుంది, అలాంటిదాంతో కొలతలు తీయకండి, మూడు కటకాలు కలిపి చేసిన రకమే తీసుకోండి. స్కేలు గాజు నేరుగా ఫోటోకి తగులుతుంది కాబట్టి మధ్యలో పలచని పారదర్శక షీటు వేసుకోవాలి, అస్సలు జరపకూడదు, ఎత్తి పెట్టాలి.

చూడగానే తెలిసిపోయే బండ్లకి ఇది అక్కర్లేదు. ముందు అద్దం పైభాగం ముందుకి వంగి ఉంటే అది కెనడా వాళ్ల మిలటరీ ట్రక్కుల 13వ నంబరు క్యాబ్, ఫోన్‌లోనే కనబడుతుంది. రష్యా జిస్-5 ట్రక్కు విషయంలో మాత్రం మళ్లీ ఇదే కావాలి. మడ్‌గార్డు గుండ్రంగా ఒత్తి చేసిందా, రేకుని మడిచి కోణాలుగా చేసిందా అన్నది దగ్గరగా చూడాలి. మడిచిన రేకు అయితే అది యుద్ధకాలంలో సాదాగా చేసిన జిస్-5వి, అంటే ఆ ఫోటో 1942 కన్నా ముందుది కాదు. నా దగ్గరున్న ఒక ఫోటో వెనక పెన్సిల్‌తో 1941 అని రాసి ఉంది. ఎడమ మడ్‌గార్డు మీద ఆ మడత అంచు, దాని కింద నీడ స్పష్టంగా కనబడ్డాయి. ఇప్పుడు ఆ ఫోటో కవరు మీద 1942 లేదా ఆ తర్వాత అని రాసి పెట్టాను.