కోటోనా, షకుహాచీనా?

జపాన్ వెళ్లినప్పుడు సంగీత పాఠానికి ఒక్క గంటే వీలైతే నేను కోటో అనే జపాన్ తీగవాద్యాన్నే నేర్చుకోమంటాను. దాదాపు 180 సెంటీమీటర్ల పొడవు, 13 తీగలు. చూడగానే టెన్షన్ వస్తుంది. కానీ కుడిచేతి బొటనవేలికి, చూపుడువేలికి, మధ్యవేలికి గోళ్లలాంటి తొడుగులు పెట్టుకుని మీటగానే స్వరం పలుకుతుంది. శ్రుతి గురువుగారే ముందుగా సరిచేసి ఉంచుతారు. తీగలకు అంకెలుంటాయి కాబట్టి చిన్న పాటైనా వాయించి రావచ్చు. ఆ ఆనందమే వేరు!

షకుహాచీ వెదురు గొట్టం, రంధ్రాలు అయిదే. మన పిల్లనగ్రోవిలా అడ్డంగా కాదు, నిలువుగా పట్టి పైఅంచు మీద ఊదాలి. కొత్తవాళ్లకు చాలాసేపు ఉత్త గాలే వస్తుంది. కొముసో అనే జెన్ బౌద్ధ సన్యాసులు ఒకప్పుడు దీన్ని ధ్యానంగా ఊదేవారు. పాట రాకపోయినా ఫరవాలేదు, ఊపిరి మీద మనసు నిలపడమే ఇష్టం అనుకునేవాళ్లు ఇదే పట్టాలి.