క్యాప్సూల్‌తో పీల్చే పొడి ఇన్‌హేలర్: పది నెలల వాడకం తరువాత

నాకు చిన్ననాటి నుంచి ఉబ్బసం ఉంది. పన్నెండేళ్లకు పైగా, నొక్కితే మందు చిమ్మే పంపునే వాడుతూ వచ్చిన నేను, కిందటి ఏడాది మా వైద్యుని సంప్రదించి క్యాప్సూల్ వేసి పీల్చే పొడి ఇన్‌హేలర్‌కు మారాను. మార్పు కోరింది నేనే. అందుకు కారణం పంపులోని వాయువు.

పంపులో మందును బయటికి నెట్టేది ఒత్తిడితో ద్రవంగా మార్చి నింపిన వాయువు. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తరువాత, ఓజోన్ పొరను దెబ్బతీసే క్లోరోఫ్లోరోకార్బన్లను క్రమంగా తొలగించి, వాటి స్థానంలో హైడ్రోఫ్లోరోఆల్కేన్ (హెచ్‌ఎఫ్‌ఏ) వాయువులను తెచ్చారు. ఓజోన్‌కు ముప్పు తప్పింది గానీ, వీటిలో ఎక్కువగా వాడే హెచ్‌ఎఫ్‌ఏ-134ఏ వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 1,300 రెట్లకు తక్కువ కాకుండా భూమిని వేడెక్కిస్తుంది. బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ కర్బన ఉద్గారాలలో సుమారు 3 శాతం ఇన్‌హేలర్ల వల్లనే వస్తున్నాయి. మనం పీల్చినది ఊపిరితో బయటికి వస్తుంది, పారేసిన పంపులో మిగిలినది మెల్లగా కారిపోతుంది. చివరికి అంతా గాలిలోనే కలుస్తుంది. పొడి ఇన్‌హేలర్‌లో ఈ వాయువే లేదు. లాక్టోజ్‌తో కలిపిన మందుపొడిని మన ఊపిరి బలమే లోనికి లాగుతుంది.

ఆ బలమే ఇక్కడ కీలకం. పంపును నెమ్మదిగా పీల్చడానికి అలవాటుపడిన నేను మొదటి వారం దీనినీ అలాగే పీల్చినందువల్ల క్యాప్సూల్‌లో సగం పొడి మిగిలిపోయేది. వేగంగా, లోతుగా పీల్చి, కొన్ని క్షణాలు ఊపిరి బిగబట్టడం నేర్చుకున్నాక పిల్లికూతలు పంపు వాడినప్పటిలాగే అదుపులో ఉన్నాయి. నొక్కడాన్నీ పీల్చడాన్నీ ఒకే క్షణంలో జరపవలసిన అవసరం లేకపోవడం, ముఖ్యంగా పెద్దవయసువారికి, నిజమైన సౌకర్యం.

లోపం తేమతోనే వచ్చింది. మాది కోస్తా ఊరు. వానాకాలంలో ముందుగా డబ్బాలోంచి తీసి పెట్టుకున్న క్యాప్సూల్ మెత్తబడి సరిగా విడిపోలేదు, పొడి ఉండకట్టింది. అప్పటి నుంచి వాడే నిమిషంలోనే తీస్తున్నాను. పరికరాన్ని కడిగాక పూర్తిగా ఆరనిచ్చేందుకు రెండవది కొనుక్కున్నాను. ప్లాస్టిక్ వ్యర్థం ఇందులోనూ ఉంది.

చిన్నపిల్లలకు, తీవ్రమైన ఆయాసంలో గట్టిగా పీల్చలేనివారికి స్పేసర్‌తో (పంపు మూతికి తగిలించే గొట్టం లాంటి గది) పంపునే వాడడం సరైనది. ఎవరూ వైద్యుని అడగకుండా మారకూడదు. ఉబ్బసం అదుపు తప్పి ఆసుపత్రిలో చేరితే రోగికీ నష్టమే, పర్యావరణానికీ నష్టమే. నేనూ అత్యవసరానికి ఒక పంపును దగ్గర ఉంచుకున్నాను. అయిపోయిన పంపులు మూడు ఇంట్లోనే ఉన్నాయి. వాటిని తిరిగి తీసుకునే ఏర్పాటు ఉందా అని మా వీధిలోని మందుల దుకాణంలో అడిగితే, చెత్తబుట్టలో వేయమన్నారు, ఇంకా వేయలేదు.