హేవ్‌లాక్‌లో ఏ బీచ్ దగ్గర గది తీసుకోవాలి? మా అండమాన్ అనుభవం

రెండో రోజు పొద్దున అయిదున్నరకి అమ్మ వచ్చి తలుపు కొట్టింది. "ఒరే, లేచి ఓసారి బయటికి రా. సముద్రం ఏదిరా?" అంది. ముందు రోజు మధ్యాహ్నం మేం దిగేసరికి కొబ్బరిచెట్ల మొదళ్ల దాకా నీళ్లున్నాయి, పాప మోకాళ్ల లోతులో గంటసేపు ఆడింది. ఇప్పుడు చూస్తే ఆ చోటంతా తడి ఇసుక, నల్లటి రాళ్లు, చచ్చిపోయిన పగడపు ముక్కలు, మధ్యమధ్య నీటి గుంటలు. నీళ్లు ఎక్కడో దూరంగా సన్నటి గీతలా కనిపిస్తున్నాయి. అమ్మ పుట్టి పెరిగింది విశాఖపట్నంలో. అరవై ఏళ్లుగా సముద్రాన్ని చూస్తున్న మనిషి, అది ఇలా ఇల్లు ఖాళీ చేసినట్టు వెళ్లిపోవడం ఎప్పుడూ చూడలేదు.

మేం దిగింది హేవ్‌లాక్ దీవిలో అయిదో నంబర్ బీచ్ పక్కన. గది నుంచి ముప్పై అడుగులు వేస్తే నీళ్లే అని ఫొటోల్లో చూసి, మామూలు గది కంటే ఎక్కువ డబ్బు కట్టి తీసుకున్నాం. ఫొటోలు అబద్ధం కాదు, కాకపోతే అన్నీ సముద్రం పోటు మీద, అంటే నీళ్లు ఒడ్డు దాకా వచ్చి ఉన్నప్పుడు తీసినవే. పాటు వేళ, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు ఎలా ఉంటుందో బుక్ చేసేటప్పుడు ఫోన్ చేసి అడిగాను కూడా, "బీచ్ ఎప్పుడూ బావుంటుంది సార్" అని ఊరుకున్నారు. అరవై దాటిన అమ్మానాన్నల్నీ, ఆరేళ్ల పాపనీ తీసుకెళ్లేవాడికి ఆ ఒక్క సంగతి తిన్నగా చెప్పాల్సింది. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

సంగతి ఏమిటంటే, హేవ్‌లాక్‌కి తూర్పు పక్కన ఉండే మూడో నంబర్ (గోవిందనగర్), అయిదో నంబర్ (విజయనగర్) బీచ్‌ల ముందు చాలా దూరం దాకా లోతు తక్కువ. కింద అంతా రాయి, పాత పగడాలు. అందుకని నీటిమట్టం కొంచెం దిగినా చాలు, సముద్రం బోలెడంత వెనక్కి వెళ్లినట్టు ఉంటుంది. మన విశాఖలో ఒడ్డు గభాల్న లోతుకి దిగిపోతుంది కాబట్టి అక్కడ పోటూ పాటూ అంతగా కంటికి ఆనవు. రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు, ఆ వేళ రోజుకి ముప్పావుగంట పైన ఆలస్యమవుతూ పోతుంది, పౌర్ణమికీ అమావాస్యకీ అటూ ఇటూ ఇంకా ఎక్కువగా లాగుతుంది. మేం వెళ్లింది జనవరిలో, పౌర్ణమి వెళ్లిన మూడో రోజు. పొద్దున ఆరింటికీ సాయంత్రం పొద్దువాలే వేళకీ, అంటే ఎండ లేకుండా హాయిగా స్నానం చేద్దామనుకునే రెండు వేళల్లోనూ, మా గది ముందు నీళ్లు లేవు. నీళ్లు నిండుగా ఉండేది మిట్టమధ్యాహ్నం, నెత్తి మాడిపోయే ఎండలో.

ఆ పాటు వేళ అమ్మకి మాత్రం భలే నచ్చిందని చెప్పాలి. చెప్పులు వేసుకుని ఆ గుంటల మధ్య నెమ్మదిగా నడుస్తూ, ఓ గుంట దగ్గర కూర్చుండిపోయింది. అందులో బొటనవేలంత శంఖం ఒకటి దానంతటదే నడుస్తోంది. పాప చెయ్యి పెట్టగానే ఆగిపోయి, లోపలున్న ఎర్రటి కాళ్లు ముడుచుకుని, మేం కదలకుండా ఉంటే ఓ నిమిషానికి మళ్లీ ఒక్కో కాలూ బయటపెట్టి బయల్దేరింది. ఖాళీ శంఖంలో కాపురం పెట్టే పీత అది. బామ్మా మనవరాలూ అరగంట అక్కడే ఉన్నారు. కాబట్టి తూర్పు పక్క బీచ్‌లు పనికిరావని నేననను. స్నానానికి పనికిరావు, అంతే.

స్నానానికి హేవ్‌లాక్‌లో ఉన్నది రాధానగర్, అదే ఏడో నంబర్ బీచ్, దీవికి పడమటి పక్కన. అక్కడ అడుగున రాళ్లు లేవు, మెత్తటి తెల్లటి ఇసుక, పాటు వేళ కూడా కాస్త ఎక్కువ నడిస్తే నీళ్లు తగులుతాయి. వెనక అంతా నిటారుగా లేచిన పెద్ద పెద్ద అడవి చెట్లు. లైఫ్‌గార్డులు ఉంటారు, స్నానానికి హద్దులు పెడతారు, ఆ హద్దు దాటొద్దు (అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి, బోర్డులు ఊరికే పెట్టలేదు). బోట్లు ఆగే జెట్టీ నుంచి పది పన్నెండు కిలోమీటర్లు, దారి సగం అడవిలోంచి.

జనమంతా అక్కడికి సూర్యాస్తమయానికి వెళ్తారు. మేమూ రెండో రోజు సాయంత్రం అలాగే వెళ్లాం. బస్సులు, వ్యాన్లు, ఆటోలు, ఒడ్డు మీద జాతరలా జనం. చలికాలంలో అక్కడ అయిదు, అయిదున్నరకల్లా సూర్యుడు దిగిపోతాడు (గడియారం మనదే, దీవులు మాత్రం చాలా తూర్పున ఉన్నాయి, అందుకే పొద్దున అయిదున్నరకే వెలుగు వచ్చేస్తుంది). చీకటి పడ్డాక తిరుగు ఆటో కోసం నలభై నిమిషాలు నిలబడ్డాం. పాప నిద్రలో నా భుజం మీద, నాన్న మోకాళ్లు పట్టుకుని అరుగు మీద. ఆ రాత్రే నేనూ మా ఆవిడా కూర్చుని, మూడో రాత్రికి ఆ పక్కకే మారిపోదామని నిర్ణయించుకున్నాం.

మారడానికి సగం రోజు పోయింది, గది అద్దె దాదాపు రెట్టింపు, గది మాత్రం అంతకుముందుదాని కంటే చిన్నది. రాధానగర్ పక్కన బసలు చాలా తక్కువ, ఉన్నవాటిలో పెద్దపెద్దవి మా లెక్కకి అందేవి కాదు, మేం ఉన్నది రోడ్డు పక్కన మామూలు చోటు. సాయంత్రం ఏడు దాటితే తినడానికి దిక్కు లేదు, బీచ్ దగ్గర చేపల భోజనం పెట్టే చిన్న హోటళ్లు అప్పటికే కట్టేస్తారు. గదివాళ్లు పెట్టిన పప్పూ అన్నమే తిన్నాం. ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. ఇసుక ఈగలు కుట్టి మా ఆవిడ కాళ్ల మీద లేచిన దద్దుర్లు పదిరోజులు తగ్గలేదు, సూర్యోదయానికీ అస్తమయానికీ ఒడ్డున కూర్చునేటట్టయితే కాళ్లకి కొబ్బరినూనె దట్టంగా పట్టించుకోండి, కింద వట్టి ఇసుక మీద కూర్చోకండి.

ఇన్ని చెప్పి కూడా, మర్నాడు పొద్దున ఆరింటికి ఆ నీళ్లలో దిగినప్పుడు మొత్తం ఒడ్డు మీద పదిమంది కూడా లేరు. నాన్న ఈత కొట్టి ముప్పై ఏళ్లయింది. ఆ పొద్దున నడుములోతు నీళ్లలో వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, చేతులు మాత్రం కొంచెం కొంచెం ఆడిస్తూ తేలుతూ ఉండిపోయాడు. విశాఖలో ఆయన మమ్మల్ని ఎప్పుడూ పాదాలు తడవడం దాటి ముందుకి వెళ్లనివ్వలేదు, మన కెరటాలు అలాంటివి మరి. ఆయన్ని అలా చూడటం కోసం ఆ రెట్టింపు అద్దె మళ్లీ కట్టమన్నా కడతాను.

కాబట్టి ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదీ. డైవింగ్ కోసం వెళ్తున్నారా, స్కూటర్ మీద తిరిగే వయసా, రాత్రి నాలుగు హోటళ్లు చూసి తినాలా, అయితే మూడో నంబరో అయిదో నంబరో తీసుకోండి, డైవింగ్ వాళ్లు ఎక్కువమంది ఉండేది ఆ పక్కనే. రెండింట్లో నాకైతే మూడో నంబర్ మేలు, జెట్టీకీ బజారుకీ దగ్గర, ఆటో ఖర్చు తగ్గుతుంది. అక్కడ కూడా "సముద్రం ఎదురుగా" అనే గదికి ఎక్కువ డబ్బు పెట్టకండి, వెనక వరసలో తోట గది తీసుకుని ఆ మిగిలిన డబ్బుతో ముందు రాత్రే ఆటో మాట్లాడుకుని పొద్దున అయిదున్నరకి రాధానగర్ వెళ్లండి. సాయంత్రం కాదు, పొద్దున. ఇక పెద్దవాళ్లూ చిన్నపిల్లలూ ఉండి, సముద్రంలో దిగడమే ముఖ్యమనుకుంటే, డబ్బు సర్దుకోగలిగితే, అన్ని రాత్రులూ రాధానగర్ పక్కనే ఉండండి. మాలాగా మధ్యలో మూటలు సర్దుకోకండి. ఎక్కడ తీసుకున్నా మీరు వెళ్లే తేదీలకి పోటు, పాటు వేళలు ముందే చూసుకోండి, ఫోన్లో తేలిగ్గా దొరుకుతాయి. ఎలిఫెంట్ బీచ్‌కి పడవలో వెళ్లొచ్చాం, నీటి కింద చేపలు చూసిన ఆ అరగంట బావుంది, మిగతాదంతా లైన్లో నిలబడటమే.

పోర్ట్‌బ్లెయిర్ గురించి (2024 నుంచి పేరు శ్రీవిజయపురం, హేవ్‌లాక్ 2018లోనే స్వరాజ్ ద్వీప్ అయింది, దాని పక్కనున్న నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది, జనం నోట్లో మాత్రం ఇంకా పాత పేర్లే). మొదటి రెండు రాత్రులు అబర్డీన్ బజార్‌లో ఉన్నాం. సెల్యులార్ జైలు దగ్గర, శాకాహారం దొరుకుతుంది, మందుల షాపులు, ఏటీఎంలు అన్నీ ఉన్నాయి. ఊరంతా ఎత్తుపల్లాలు, మ్యాప్‌లో అరకిలోమీటరు కనిపించేది మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కొండెక్కడమే. మేం మొదట చూసింది కార్బిన్స్ కోవ్ పక్కన, సముద్రం ఉంది కదా అని. అక్కడ ఉంటే ప్రతి చిన్నదానికీ ఊళ్లోకి ఆటో కట్టాలి. ముందు దీవుల్లో ఎలాగూ అంతకంటే మంచి సముద్రం చూస్తాం, పోర్ట్‌బ్లెయిర్‌లో బీచ్ వెతుక్కోవడం అనవసరం. ఇక్కడ గది తీసుకునేది జైలు కోసం, ఓడల కోసం. సాయంత్రం జైల్లో లైట్ అండ్ సౌండ్ షోకి వెళ్లండి. ఏడు రెక్కల జైలు, ఇప్పుడు మూడే మిగిలాయి, పగలు ఆ ఖైదీల గదుల్లో నిలబడి వచ్చాక రాత్రి షోలో ఆ కథ చెప్పే గొంతు వింటుంటే నాన్న మాట్లాడలేకపోయాడు.

ఒక సంగతి మాకు చాలా సంతోషం వేసింది, ఎక్కడ చూసినా తెలుగే. 2011 జనాభా లెక్కల్లో అండమాన్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతం. జంగ్లీఘాట్‌లో చేపలమ్మే ఓ పెద్దావిడ మా అమ్మ మాట విని, "మీదేవూరమ్మా?" అని అడిగింది. విశాఖపట్నం అనగానే కత్తి పక్కన పెట్టేసింది. "మాది శ్రీకాకుళం పక్క. మా మావగారి కాలంలోనే ఇటొచ్చీసినారు" అంది. ఇద్దరూ ఊళ్ల పేర్లు చెప్పుకుంటూ పావుగంట నిలబడ్డారు. వచ్చేటప్పుడు, "పున్నమి రోజులు కదా, పాటు చూసుకుని దిగండమ్మా" అని చెప్పి పంపింది. మేం ఆ మాట పట్టించుకోలేదు. హోటల్ వాళ్లు డబ్బు తీసుకుని చెప్పని ముక్క ఆవిడ ఊరికే చెప్పింది.

ఓడల సంగతికొస్తే, పోర్ట్‌బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కి ప్రైవేటు బోట్లు గంటన్నరలో తీసుకెళ్తాయి, హడ్డో రేవు నుంచి. ఏసీ, మెత్తటి సీట్లు, కానీ తలుపులన్నీ మూసేసి ఉంటాయి, అలలు ఎగరేసినప్పుడు గాలి ఆడక అమ్మకి రెండుసార్లు వాంతయింది. ప్రభుత్వ బోటు ఫీనిక్స్ బే నుంచి, ఇంకో గంట ఎక్కువ పడుతుంది, టికెట్ చాలా చవక, డెక్ మీద గాలికి నిలబడొచ్చు. హేవ్‌లాక్ నుంచి నీల్‌కి అందులో వెళ్తే అమ్మకి ఏమీ కాలేదు, ఎగిరే చేపల్ని కూడా చూసింది. టికెట్లు దొరకడమే కష్టం, స్థానికులకే ముందు ఇస్తారు, అది న్యాయం కూడా, వాళ్లు ఆసుపత్రికి వెళ్లాలన్నా ఆ బోటే కదా.

నీల్‌కి ఒక్క రాత్రే పెట్టుకోవడం మేం చేసిన పెద్ద తప్పు. చిన్న దీవి, ఊళ్ల పేర్లు చాలావరకు రామాయణంలోవి, రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. అప్పట్లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలు సాగు చేసుకున్న నేల, దారిపొడుగునా వరి, కూరగాయలు, అరటి. కూరగాయలు అక్కడే పండుతాయి కాబట్టి హేవ్‌లాక్‌లో కంటే భోజనం రుచిగా, చవకగా ఉంది. భరత్‌పూర్ జెట్టీ పక్కనే, పాపకి సరిపోయే లోతు, కాకపోతే మోటారు బోట్ల రొద. మేం ఉన్నది లక్ష్మణ్‌పూర్ వైపు. అక్కడ రాతి వంతెన దగ్గరికి పాటు వేళే వెళ్లాలి, ఈసారి వేళ చూసుకునే వెళ్లాం. పాప ఓ పగడపు ముక్క జేబులో వేసుకుంటే ఆటో అబ్బాయే తీయించాడు, పగడాలు దీవులు దాటించడం నేరమట, విమానాశ్రయంలో సామాన్లు వెతుకుతారని చెప్పాడు. అరగంట ఏడ్చి, తనే వెళ్లి నీళ్లలో వేసి వచ్చింది.

చివరి రాత్రి మాత్రం తప్పకుండా పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండండి. గాలి లేస్తే బోట్లు ఆపేస్తారు. మా పక్క గదిలో ఉన్న చెన్నై జంట ముందు రోజు బోటు ఆగిపోయి, విమానం పోయి, కొత్త టికెట్ల కోసం ఫోన్ పట్టుకుని కూర్చున్నారు, వాళ్ల ముఖాలు చూస్తే మాకే టెన్షన్ వచ్చింది. నగదు కూడా కాస్త ఎక్కువే పెట్టుకోండి, దీవుల్లో ఏటీఎంలు తక్కువ, సిగ్నల్ లేనప్పుడు ఫోన్లో డబ్బు పంపడం కుదరదు.

వచ్చే ఏడాది అత్తగారినీ మావగారినీ తీసుకెళ్దామని మా ఆవిడ అంటోంది. లెక్క వేసి పెట్టాను: పోర్ట్‌బ్లెయిర్ ఒకటి, రాధానగర్ పక్కన రెండు, నీల్ మూడు, తిరిగి పోర్ట్‌బ్లెయిర్ ఒకటి. తేదీలు ఇంకా వెయ్యలేదు. పంచాంగం అమ్మ దగ్గరుంది, పున్నమికీ అమావాస్యకీ మధ్యలో పడేలా ఓ వారం చూసి చెప్తానంది.