క్యాలిపర్‌లో దాక్కున్న రేకు: నాలుగేళ్ల ట్రాక్ డేల తర్వాత నా బ్రేకుల సంగతి

నాలుగేళ్లుగా ఈ కారును ట్రాక్‌కు తీసుకెళ్తున్నాను. ముప్పైకి పైగా ట్రాక్ డేలు (సొంత కారును రేసు ట్రాక్ మీద నడిపే రోజులు), మూడు జతల ముందు డిస్కులు, లెక్కపెట్టడం మానేసినన్ని ప్యాడ్లు. ముందు చక్రాలకు ఆరు పిస్టన్ల ఫిక్స్‌డ్ క్యాలిపర్లు, అంటే తాము కదలకుండా రెండు వైపులా పిస్టన్లతో ప్యాడ్లను డిస్కుకు నొక్కే బిగింపులు. మొదటి రెండేళ్లూ ఎవరు అడిగినా ఒకటే చెప్పేవాణ్ణి: ఫ్లూయిడ్ మార్చుకో, ప్యాడ్లు మార్చుకో, క్యాలిపర్ జోలికి మాత్రం వెళ్లకు, దాని పని అది చూసుకుంటుంది. ఆ మాట నమ్మి ఎవరైనా నిజంగానే దాని జోలికి వెళ్లకుండా ఉండిపోయి ఉంటే, ఇది ముందుగా వాళ్ల కోసమే రాస్తున్నాను.

నా కోపమంతా ఒక రేకు మీద. ఫిక్స్‌డ్ క్యాలిపర్‌లో ప్యాడ్ ముందుకూ వెనక్కూ జారేటప్పుడు దాని రెండు చివరలూ క్యాలిపర్ గోడలకు ఆనుతాయి. అల్యూమినియం గోడ అరిగిపోకుండా నా క్యాలిపర్లలో అక్కడ పల్చటి స్టెయిన్‌లెస్ స్టీల్ రేకులు బిగించారు. ఒక్కోటీ చిన్న స్క్రూతో నిలబడుతుంది. ప్యాడ్లు మార్చేటప్పుడు ఆ రేకు కళ్ల ముందే ఉంటుంది, మెరుస్తూ ఉంటుంది. బాగానే ఉందనిపిస్తుంది. దాని కింద ఏం జరుగుతోందో మాత్రం పైనుంచి కనిపించదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నాకు మూడేళ్లు పట్టింది.

మూడో ఏడాది మధ్యలో ఒక రోజు మూడో సెషన్‌లో పెడల్ కాస్త కిందికి దిగింది. పొడవాటి స్ట్రెయిట్ చివర గట్టిగా నొక్కితే కారు ఎడమకు ఒరిగింది. రెండు ల్యాపులు నెమ్మదిగా తిప్పి చల్లార్చి లోపలికి వచ్చాను. హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేర్‌లో పెట్టి దిగాను. ఎడమ ముందు చక్రం దగ్గర కాలిన రబ్బరు వాసన. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలిస్తే ఎడమ క్యాలిపర్ కుడి దానికంటే 50 డిగ్రీలు ఎక్కువ చూపించింది. కొలిచేటప్పుడు రంగు ఉన్న చోటే చూడాలి, మెరిసే లోహం మీద ఆ థర్మామీటర్ లెక్క తప్పుతుంది. ఆ రోజుకి అక్కడితో ఆపేశాను.

చక్రం విప్పితే మరో సంగతి బయటపడింది. అదే క్యాలిపర్‌లో బయటి ప్యాడ్ లోపలి దానికంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువ అరిగింది. పిస్టన్ల చుట్టూ దుమ్ము చేరకుండా ఉండే రబ్బరు తొడుగుల్లో (డస్ట్ బూట్లు) రెండు వేలితో తాకగానే బొగ్గు పొరలా రాలిపోయాయి. వెండి రంగు అంచు మీద నల్లటి రబ్బరు పొడి. అది చూశాక ఎవరైనా సీళ్లు పోయాయనే అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను.

అలా అనుకోవడానికి కారణం ఉంది. పెడల్ వదలగానే పిస్టన్‌ను వెనక్కి లాగేది స్ప్రింగ్ కాదు, దాని చుట్టూ ఉండే చతురస్రపు అంచుల రబ్బరు సీలే. నొక్కినప్పుడు పిస్టన్‌తో పాటు కొద్దిగా మెలిపడుతుంది, వదిలితే మళ్లీ తన ఆకారానికి వచ్చి పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. పదే పదే వేడెక్కి రబ్బరు గట్టిపడితే ఆ లాగే గుణం పోతుంది. ప్యాడ్ డిస్కును రాసుకుంటూనే ఉంటుంది. వేడి ఇంకా పెరుగుతుంది. నా కారులో కనిపించిన లక్షణాలన్నీ దీనికి సరిపోయాయి.

సీల్ కిట్ తెచ్చి రెండు ముందు క్యాలిపర్లూ విప్పాను. ఆ పని గురించి ఒకటి రెండు మాటలు చెప్పాలి. పిస్టన్లను గాలితో బయటికి నెట్టేటప్పుడు మధ్యలో చెక్క ముక్క పెట్టకపోతే పిస్టన్ తుపాకీ గుండులా వస్తుంది, వేలు అడ్డం పెట్టకూడదు. ఆరింటిలో ఒకటి ముందే బయటికి వచ్చేస్తే గాలంతా అటే పోతుంది, మిగతావి కదలవు. అందుకే తేలిగ్గా కదిలేవాటిని క్లాంప్‌తో ఆపి, మొండివాటిని ముందు బయటికి రానివ్వాలి. సీల్ కూర్చునే గాడిని శుభ్రం చేయడానికి ఇనుప మొన వాడొద్దు, చెక్క పుల్ల చాలు. అక్కడ గీత పడితే కొత్త సీల్ కూడా కారుతుంది. పిస్టన్లను తిరిగి ఎక్కించేటప్పుడు తాజా బ్రేక్ ఫ్లూయిడ్ రాస్తే చాలు. మామూలు గ్రీజు తగిలితే ఈ రబ్బరు ఉబ్బిపోతుంది.

అన్నీ బిగించి, బ్లీడ్ చేసి (ఫ్లూయిడ్‌లోని గాలి బుడగలు తీసేసి), కొత్త ప్యాడ్లు పెట్టాను. ఇక్కడే నా తప్పు. ఎడమ క్యాలిపర్‌లో బయటి ప్యాడ్ వేలితో దిగలేదు, రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు వేస్తే దిగింది. అంతకుముందు కూడా అలాగే చేసేవాణ్ణి. ట్రాక్ ప్యాడ్ల వెనక ప్లేటు మీద రంగు మందంగా ఉంటుందనీ, అందుకే బిగుతుగా ఉంటాయనీ అనుకునేవాణ్ణి. ఒకసారి ఆ ప్లేటు అంచులను ఆకురాయితో కాస్త అరగదీసి కూడా పెట్టాను. తోటివాళ్లకు అదే సలహా ఇచ్చాను. ఆ సలహా ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. కొత్త ప్యాడ్ వేలితో జారకపోతే ముందు చూడాల్సింది ప్యాడ్‌ను కాదు.

తర్వాతి ట్రాక్ డేలో మళ్లీ అదే కథ. కారు ఎడమకు లాగడం, అదే చక్రం దగ్గర వేడి. కొత్త సీళ్లు, కొత్త బూట్లు, కొత్త ఫ్లూయిడ్, అయినా ఫలితం లేదు. నాతో పాటు ట్రాక్‌కు వచ్చే ఒక పెద్దాయన వచ్చి వంగి చూసి, "ప్యాడ్ తీసేసి ఆ రేకుల మీద స్టీలు స్కేలు ఆనించి చూడు బాబూ" అన్నారు. ఆనించాను. రేకు మధ్యలో పొట్టలా ఉబ్బి ఉంది, స్కేలు అంచుల దగ్గర వెలుతురు కనిపించింది. సందులు కొలిచే పల్చటి పట్టీ (ఫీలర్ గేజ్) దూర్చి చూస్తే 0.4 మిల్లీమీటర్ పైనే.

స్క్రూ విప్పడానికే ఒక పూట పట్టింది. చిన్న తల, లోపల గట్టిగా అతుక్కుని ఉంది. హీట్ గన్‌తో వేడి చేసి, బిట్టును తలలో సుత్తితో ఒక దెబ్బ కొట్టి కూర్చోబెట్టి, అప్పుడు తిప్పాలి. తొందరపడితే తల చెరిగిపోతుంది. నాకు ఒకటి చెరిగింది, డ్రిల్ చేయక తప్పలేదు. రేకు కింద సున్నం పెచ్చులా తెల్లటి పొర. గోరుతో గీకితే పొడిగా రాలింది. అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు ఒకదానికొకటి తగిలి ఉండి మధ్యలో తడి చేరితే తినిపోయేది అల్యూమినియమే. అలా పుట్టిన పొడి అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, పైనున్న రేకును ఎత్తేస్తుంది. రెండు చివరల రేకులూ లోపలికి జరిగితే ప్యాడ్ ఇరుక్కుంటుంది. పిస్టన్ బలంగా నెడుతుంది కాబట్టి ముందుకు వెళ్తుంది, సీల్‌కు ఉన్న కొద్దిపాటి బలంతో వెనక్కి రావడానికి దారి ఉండదు. కాలిన బూట్లు, ఎక్కువ అరిగిన ప్యాడ్, దిగిన పెడల్, అన్నీ అక్కడినుంచే వచ్చాయి.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ప్రతి ట్రాక్ డే తర్వాత చక్రాల లోపల పేరుకున్న ప్యాడ్ పొడిని ప్రెషర్ వాషర్‌తో కడిగేవాణ్ణి. నీళ్ల ధార నేరుగా క్యాలిపర్ మీదే. తర్వాత కారు వారాల తరబడి కదలకుండా ఉండేది. ఇదొక్కటే కారణమని అనను, వానల్లో రోడ్డు మీద కూడా నడుపుతాను. కానీ ఇప్పుడు అలా కడగడం మానేశాను. బ్రష్, బ్రేక్ క్లీనర్ చాలు. కడగక తప్పకపోతే తర్వాత ఐదారు కిలోమీటర్లు నడిపి, బ్రేకులు వాడి, వేడికి ఆరనిస్తాను.

పొర గీకేసి, కింద మంచి లోహాన్ని తగ్గించకుండా సన్నటి ఎమరీ కాగితంతో సాఫు చేసి, కొత్త రేకులు, కొత్త స్క్రూలు వేశాను. మధ్యలో లోహపు పొడి లేని సిరామిక్ గ్రీజు పల్చగా. రాగి కలిసిన గ్రీజు అల్యూమినియం పక్కన పెట్టడం నాకిష్టం లేదు. ఆ తర్వాత అదే కొత్త ప్యాడ్ చూపుడు వేలితో నెడితే దిగింది. నాలుగేళ్లలో ఈ కారు మీద చేసిన పనుల్లో నాకు అంత సంతోషం ఇచ్చింది మరొకటి లేదు. ఆ ప్యాడ్‌ను ఊరికే మూడుసార్లు తీసి పెట్టి చూసుకున్నాను.

ఫ్లూయిడ్ విషయంలో పెద్దగా చెప్పేదేం లేదు. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కే దిగిపోతుంది. 300 దాటిన రేసింగ్ ఫ్లూయిడ్ వాడుతున్నాను. ఇరుక్కున్న ప్యాడ్ పుట్టించే వేడికి అది కొంత గడువు ఇస్తుందే తప్ప, మూలాన్ని బాగు చేయదు. ఆ ఖరీదైన సీసా ఉందన్న ధైర్యంతోనే అసలు లోపాన్ని చాలాకాలం పట్టించుకోలేదని ఇప్పుడు అనిపిస్తుంది. ప్యాడ్లు మాత్రం సగం అరగగానే మార్చేస్తున్నాను. పల్చబడిన ప్యాడ్ వేడిని పిస్టన్ దాకా త్వరగా చేరవేస్తుంది.

ఇన్ని చెప్పాక కూడా ఈ క్యాలిపర్లు వదులుకోను. పెడల్ మీద పాదం ఎంత ఒత్తితే అంతే పట్టు, అందులో మార్పు లేదు. మొదట్లో అన్న "జోలికి వెళ్లకు" అన్న మాట మాత్రం ఇప్పుడు అనను. ఏడాదికోసారి రేకుల మీద స్కేలు పెట్టి చూస్తాను, రెండేళ్లకోసారి బూట్లు మారుస్తాను. ఇది వానకూ ట్రాక్‌కూ రెంటికీ వాడే నా కారు లెక్క. కప్పు కింద ఉండి, ఎండ రోజుల్లో మాత్రమే బయటికి వచ్చే కారుకు ఇంత అవసరం ఉండకపోవచ్చు. రేకులే లేని క్యాలిపర్లయితే ఈ సమీక్షలో సగం మీకు పనికిరాదు. బ్రేకులు విప్పి బిగించడం చేతికి అలవాటు లేకపోతే, స్కేలు పెట్టి చూడటం వరకు మీరు చేసి, మిగతాది చేయి తిరిగినవాళ్లకు ఇవ్వండి.

డ్రిల్ చేసిన ఆ ఒక్క రంధ్రంలో మర పాడైంది, కొత్త మర ఉన్న చిన్న లోహపు ఇన్సర్ట్ వేసి స్క్రూ బిగించాను. మిగతావాటి మీద నమ్మకం కుదిరింది గానీ, దాని మీద ఇంకా కుదరలేదు. చక్రం విప్పిన ప్రతిసారీ ముందు ఆ స్క్రూ తలనే తడిమి చూస్తున్నాను.