అమ్మ సీసాడు నీళ్లు తాగిన ప్రయాణం

కారవాన్ బండి అమ్మినాయన మాకు మొదట చూపించింది టీవీ. రిమోట్ నొక్కితే పైనుంచి జారుతూ దిగుతుంది. ఆ తర్వాత రంగులు మారే లైట్లు, ఆపైన మైక్రోవేవ్. కొని పది నెలలైంది. టీవీ రెండుసార్లు దిగింది, రెండుసార్లూ పిల్లలు రిమోట్‌తో ఆడుకున్నప్పుడే. మైక్రోవేవ్‌లో ప్రస్తుతం ఉల్లిగడ్డలు పెట్టుకుంటున్నాం.

మాది పాత టెంపో ట్రావెలర్. సీట్లు తీసేసి రెండు మంచాలు, చిన్న వంటగట్టు, వెనక మూలన బాత్రూమ్ పెట్టారు. ఆర్సీలో మోటార్ కారవాన్ అని ఎక్కి ఉంది కాబట్టే ధైర్యం చేశాం. మామూలు వ్యాను కొని వెల్డింగు షాపులో మనిష్టం వచ్చినట్టు మార్పించుకుంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డమొస్తుంది. ఇన్సూరెన్స్ వాళ్లకీ సాకు దొరుకుతుంది. సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్తే టీవీ తర్వాత, ముందు ఆర్సీ అడగండి.

దసరా అయిపోయాక అయిదు రోజులు తిరిగొద్దామని బయల్దేరాం. నేను, మా ఆవిడ, అమ్మ. వనపర్తిలో ఉండే అక్కాబావలు వాళ్ల బండి వేసుకొని సోమశిలలో కలుస్తామన్నారు.

ప్రయాణం ఉందంటే అమ్మ ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు తగ్గిస్తుంది. ఎర్రబస్సుల కాలం నాటి అలవాటు. దారిలో ఎక్కడ దిగాలి, ఎవరిని అడగాలి, ఎవరు చూస్తారో అన్న టెన్షన్. ఇద్దరం ఎన్నిసార్లు చెప్పినా అదే మాట: "తాగితే మళ్లీ దిగాలె. నాకెందుకొచ్చిన తిప్పలు." బండిలోనే బాత్రూమ్ ఉంది కదమ్మా అంటే మొహం అటు తిప్పుకుంది. "వంట చేసే కాడ గదేంది బిడ్డా, మైల గాదా?" ఇక మాట్లాడ్డానికేముంది!

మొదటి మజిలీ మా ఊరు నల్లగొండ దాటగానే పానగల్లు. ఛాయా సోమేశ్వరాలయం, కందూరు చోళుల నాటిది. గర్భగుడి గోడ మీద పగలంతా ఒక నీడ కదలకుండా ఉంటుంది. ఎదురుగా ఉన్న స్తంభాల మధ్య నుంచి వెలుగు చెదిరి వచ్చే తీరులో ఉంది కిటుకంతా. ఉదయసముద్రం చెరువు పక్కనే కాబట్టి పొద్దున్నే వెళ్తే చల్లగా ఉంటుంది. దర్శనం అయ్యాక చెరువుగట్టు మీద బండి పక్కతలుపు తీసి టీ పెట్టుకున్నాం. అయిదు కిలోల చిన్న సిలిండరు మాది, బయటికి లాగే అరలో ఉంటుంది. స్టవ్ కూడా బయటికే వస్తుంది. పోపు ఘాటు లోపల పరుపులకు పట్టదు. మా ఆవిడ మార్కులు వేస్తే దీనికి పదికి తొమ్మిది.

ఆ రాత్రి సాగర్‌లో ఆగాం. 26 గేట్లూ మూసే ఉన్నాయి. అయినా 1955లో శంకుస్థాపన చేసి రాయి మీద రాయి పేర్చి కట్టిన ఆ గోడను ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. అక్కడి బౌద్ధ పార్కు బుద్ధవనం 274 ఎకరాలు. అమ్మ మహాస్తూపం దాకా నడిచి, మిగతాది మీరు చూసి రండని నీడలో కూర్చుంది. పెద్దవాళ్లతో వెళ్తే ఎండ దిగాక వెళ్లడమే మంచిది. బండి పెట్టుకోడానికి ఓ ప్రైవేటు హోటలాయన్ని అడిగితే గది తీసుకుంటేనే లోపల పెట్టనిస్తానన్నాడు. సరేనని గది అద్దె కట్టి, వెళ్లి బండిలోనే పడుకున్నాం. గదిలో దోమలు అట్లున్నాయి మరి.

ఇక్కడే పైకప్పు ఫ్యాన్ గురించి చెప్పాలి. ఏసీ ఉందని గొప్పగా చెప్పి అమ్మారు. కానీ బ్యాటరీ లెక్క వేసి చూస్తే సంగతి తెలుస్తుంది. మా లిథియం బ్యాటరీ 12.8 వోల్టులు, 200 ఆంపియర్ అవర్లు. అంటే రెండున్నర యూనిట్లు. చిన్న ఏసీ కిలోవాట్ దగ్గర లాగుతుంటే రెండున్నర గంటల్లో ఖాళీ. కరెంటు ప్లగ్గు దొరికినచోటే దాని సోకు. అదే పైకప్పులో బిగించిన ఫ్యాన్ రాత్రంతా తిరిగినా పావు యూనిట్ దాటదు. లోపలి వేడిగాలిని పైకి లాగేస్తుంది, దోమతెర వేసిన కిటికీల్లోంచి చల్లగాలి వస్తుంది. వానొచ్చినా మూయక్కర్లేకుండా పైన గొడుగులా మూత. మొన్న మే నెలలో మిర్యాలగూడ దగ్గర 44 డిగ్రీల ఎండలో మాత్రం ఈ ఫ్యాన్ కూడా చేతులెత్తేసింది, అది ఒప్పుకోవాలి. అంత ఎండలో సోలార్ ప్యానెల్ బాగా పనిచేస్తుందనుకుంటాం కానీ, ప్యానెల్ కాలేకొద్దీ కరెంటు తగ్గుతుంది.

రెండో రోజు కొండమల్లేపల్లి దాటాక వెనక మంచం కింద నీళ్లు. గుంతల రోడ్డుకి పంపు దగ్గర పైపు క్లిప్పు వదులైంది. 90 లీటర్ల ట్యాంకులో సగం బండిలోనే పారింది. దేవరకొండలో ఓ మోటారు మెకానిక్ పది రూపాయల స్టీలు క్లిప్పు వేసి, "ప్లాస్టిక్‌ది ఎవడు పెట్టిండన్నా" అని తిట్టి మరీ బిగించాడు. ఆ తిట్లు మేం బండి అమ్మినాయనకు చేరవేయలేదు కానీ, క్లిప్పులన్నీ మార్పించాం. ట్యాంకు మళ్లీ నింపుకోవాలి. అక్కడో బోరు ఉంది, ఊరికే ఇస్తామన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. నల్లగొండ వాళ్లకి బోరు నీళ్లంటే ఉండే భయం వేరు. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగాం. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశమంతా నల్లగొండ టెక్నిక్ అని పేరు పడింది, అదీ మా ఘనత. చాలామంది కాచి తాగితే పోతుందనుకుంటారు. పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టర్‌కూ లొంగదు, ఆర్వో కావాలి. అందుకని గిన్నెలకూ కాళ్లు కడుక్కోడానికీ ట్యాంకు నీళ్లు, తాగడానికి వేరే ఇరవై లీటర్ల క్యాను. క్యాను కదలకుండా కట్టే బెల్టు మా బండిలో ఉంది. దాని విలువ అది లేని బండ్లో తిరిగినవాళ్లకే తెలుస్తుంది.

ఆ క్లిప్పు పుణ్యమా అని డిండి దాటేసరికే చీకటి పడింది. మన్ననూరు చెక్‌పోస్టు చేరేసరికి తొమ్మిదీ ఇరవై. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరుదాకా నల్లమల దారి మూసేస్తారు. పులుల అడవి కదా, అది న్యాయమే. పొద్దున్నే ఫర్హాబాద్ వ్యూపాయింట్ చూద్దామన్నది మా ప్లాను కాబట్టి మాకు పెద్ద నష్టం లేదు. శ్రీశైలం వెళ్లాల్సిన కార్లు మాత్రం వరసగా నిలబడిపోయాయి. ఎటు చూసినా ఆడవాళ్లు, పిల్లలు, ఫోను లైట్లు.

పదకొండు దాటాక అమ్మ లేచి కూర్చుంది. పొద్దుటి నుంచి గ్లాసుడు నీళ్లు కూడా తాగలేదు, అయినా ఎంతసేపని? బాత్రూమ్ తలుపు ముందు కాసేపు నిలబడి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకొని లోపలికి వెళ్లింది. బయటికొచ్చి, "వాసనే లేదు కదరా" అంది. ఎందుకు లేదో చెప్పాను. కింద ఇరవై లీటర్ల డబ్బా, పైన గిన్నె, మధ్యలో జారే మూత. మీట లాగితేనే తెరుచుకుంటుంది, వదిలితే గట్టిగా పడుతుంది. డబ్బాలో మందు నీళ్లుంటాయి. డబ్బాను బండి బయటి తలుపులోంచే లాగేయొచ్చు, వంటగట్టు వైపు రానే రాదు. అంతా విని, "అయితే ఇన్ని నీళ్లియ్యి" అంది. సీసాడు నీళ్లు ఎత్తిన సీసా దించకుండా తాగింది.

ఆ తర్వాత జరిగిందే అసలు ముచ్చట. పక్క కారులో ఓ అమ్మాయి, చంకలో బిడ్డ, చీకట్లోకి చూస్తూ నిలబడి ఉంది. అమ్మ కిటికీ తెర తీసి, "రా బిడ్డా, లోపల ఉంది, మంచిగుంది" అని పిలిచింది. ఆమె వెనక వాళ్లత్త. ఆవిడ వెనక ఇంకో కారు వాళ్లు. మీట ఎలా లాగాలో అందరికీ అమ్మే చూపించింది. తెల్లారేసరికి డబ్బా నిండినట్టు ఎర్ర గుర్తు పడింది. అది పారబోసే పని ఎవరిదో చెప్పక్కర్లేదు. వాగుల్లో, పొలాల్లో ఒంపకూడదు. అచ్చంపేట వైపు ఓ పెట్రోల్ బంకులో మేనేజర్ని అడిగి వాళ్ల టాయిలెట్‌లోనే పోసి, శుభ్రం చేసే ఆమెకు వంద ఇచ్చాను. ఇప్పటిదాకా ఏ బంకువాళ్లూ కాదనలేదు. ముందు డీజిల్ కొట్టించుకొని తర్వాత అడగాలి, అంతే.

ఫర్హాబాద్‌కి మన బండ్లు రానివ్వరు, అటవీశాఖ వాళ్ల వాహనంలోనే వెళ్లాలి. అమ్మ నడుము ఆ కుదుపులకి ఆగదని మేమిద్దరమే వెళ్లొచ్చాం. లోయ అంచున అయిదు నిమిషాలు నిలబడితే చాలు, వెళ్లినందుకు గిట్టుబాటే. పులి కనబడలేదు. ఆ తర్వాత ఉమామహేశ్వరం. శ్రీశైలానికి ఉత్తర ద్వారం ఇది, పడమటి ద్వారం అలంపురం. ఈ ప్రయాణంలో రెండూ కుదిరాయని అమ్మ లెక్క.

సోమశిలలో కృష్ణ నిండుగా ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు అక్కడిదాకా తంతాయి. పాత గుడి మునిగే చోటు నుంచి మార్చి పైన మళ్లీ కట్టారు. పర్యాటకశాఖ కాటేజీలు నదికి ఎదురుగానే ఉన్నాయి. బండి లేనివాళ్లకి మా సలహా అదే, శని ఆదివారాలు మాత్రం ముందే బుక్ చేసుకోండి. మేం ఒడ్డుకి దూరంగా గట్టినేల చూసి ఆపాం. బావ బండి, రాయచూరు నుంచి వచ్చిన ఓ రిటైర్డ్ దంపతుల బండి, మాది. మూడు బండ్లు ఒకచోట చేరితే ఇక మాటలేముంటాయి? ఎవరి బండిలో ఏది బాగుందన్నదే.

బావకి వెనక డోరు దగ్గరి కొళాయి ప్రాణం. నదిలో దిగి బురదకాళ్లతో వచ్చినవాళ్లని అది దాటితేగానీ లోపలికి రానివ్వడు. అక్క మాత్రం సొరుగులు చూపించింది. నొక్కితే తప్ప తెరుచుకోని గడియలు. మా సొరుగులు మలుపు తిరిగినప్పుడల్లా తెరుచుకొని గరిటెలు కింద పోస్తాయి కాబట్టి మా ఆవిడ ఆ గడియలను చాలాసేపు చూసింది. నాకు ఖర్చు కనబడింది. రాయచూరు పెద్దాయన డ్రైవర్ పక్క సీటు వెనక్కి తిప్పి, నది వైపు పెట్టి, కాలు మీద కాలు వేసుకున్నాడు. నిజం చెప్పొద్దూ, అసూయ పుట్టింది.

నా వంతు వచ్చేసరికి రసమట్టం చూపించాను. తాపీమేస్త్రీలు వాడేదే, చిన్నది, డ్యాష్‌బోర్డు మీద అంటించాను. అందరూ నవ్వారు. బండి ఓ పక్కకి ఒరిగి ఉంటే రాత్రంతా తలకి రక్తం దిగి పొద్దున తలనొప్పి, సింకులో నీళ్లు పోవు, తలుపు తనంతట తనే మూసుకుంటుంది. బుడగ మధ్యకి వచ్చేదాకా చక్రం కింద చెక్కముక్క పెడితే సరి. ఆ రాత్రి బావ తన బండిని మూడుసార్లు ముందుకీ వెనక్కీ జరిపాడు. రసమట్టం మాత్రం అడగలేదు.

మర్నాడు జూరాల దగ్గర చేపల వేపుడు. వేడివేడిగా రేకు బాండీలోంచి తీసి ఇచ్చారు, ముళ్లు తీసుకుంటూ మాట్లాడకుండా తిన్నాం. గద్వాలలో కోటలోని చెన్నకేశవస్వామి గుడి చూసి, నూలు చీరకి పట్టు అంచు కలిపి నేసే చీర ఒకటి అక్కకి. బేరం గురించి రాయను, ఓడిపోయాం.

అలంపురంలో నవబ్రహ్మ ఆలయాలు నింపాదిగా చూడాలి. బాదామి చాళుక్యుల శిల్పం, పక్కనే తుంగభద్ర. జోగులాంబ దర్శనం చేసుకొని, ఆ రాత్రికి హైవే మీద ఓ లాడ్జిలో దిగాం. నాలుగు రోజులుగా బండి పరుపు మీద అమ్మ నడుము పట్టేసింది. నాలుగంగుళాల నురగ మధ్యలో కుంగిపోయింది, మా బండికి అది పెద్ద లోపమే. లాడ్జి మంచం బాగుంది, అమ్మ హాయిగా నిద్రపోయింది. బాత్రూమ్‌కి మాత్రం జానెడు గడప, లోపల జారే టైల్స్, పట్టుకోడానికి ఏమీ లేదు. వేడినీళ్లు అడిగితే బకెట్‌కి ఇరవై. నడుముకి లాడ్జి, మోకాళ్లకి బండి.

తిరుగుదారిలో మహబూబ్‌నగర్ పిల్లలమర్రి. మూడెకరాలకు పైగా పరుచుకున్న ఈ మర్రికి ఏడొందల ఏళ్లంటారు. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగి పడితే జనాన్ని ఆపేశారు. చెదలు పట్టిందని 2018లో రోగికి పెట్టినట్టు సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. బయట సీతాఫలాలు బుట్టల్లో అమ్ముతున్నారు. ఓ బుట్ట కొని మైక్రోవేవ్‌లో ఉల్లిగడ్డల పక్కన సర్దాం. అక్కడ బండి దిగుతున్నప్పుడు అమ్మ మెట్టు మీద తూలింది. మడిచే మెట్టు ఉంది, దాని కింద ప్లాస్టిక్ స్టూలూ వేస్తున్నాం, పట్టుకోడానికే ఏమీ లేదు.

నల్లగొండ చేరాక ఇంటికి కూడా పోకుండా అమ్మ వెల్డింగు షాపు దగ్గర ఆపించింది. మెట్టు పక్కన స్టీలు కడ్డీ ఒకటి పెట్టాలని చెప్పాం. ఎంత ఎత్తులో పెట్టమంటారు సార్ అని ఆయన నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోపు అమ్మ కిందే నిలబడి, ఒక కాలు మెట్టు మీద పెట్టి, గాలిలో చెయ్యి పిడికిలి పట్టి చూపించింది. ఆయన ఆ పిడికిలి ఎత్తుకి టేపు సాగదీసి చాక్‌పీసుతో గీత పెట్టాడు.