పాత అంబాసిడర్‌కి ముందు ఏది: ఇంజనా, పెయింటా?

పెయింట్ వేయించి ఎనిమిది నెలలు కూడా కాలేదు. వానలు తగ్గాక ఒక ఆదివారం బండి కడుగుతుంటే, డ్రైవర్ వైపు తలుపు కింది అంచున పెసరగింజంత బుడగ చేతికి తగిలింది. గోటితో నొక్కితే పగిలింది. లోపలినుంచి ఎర్రటి నీళ్లు, వాటి వెనక తడిసిన లప్పం. స్క్రూడ్రైవర్‌తో గీకడం మొదలుపెట్టాను. రేకు తగిలి ఆగుతుందనుకున్నా, ఆగలేదు. చివరికి నా బొటనవేలు పట్టేంత కన్నం తేలింది.

మా నాన్న 1984లో కొన్న మార్క్ 4 అంబాసిడర్ అది. ఇరవై ఏళ్లు బాపట్లలో సముద్రపు గాలికి తిరిగింది. తర్వాత గుంటూరు వచ్చి ఇంటి వెనక షెడ్డులో పడుంది. నా చేతికొచ్చేసరికి దానికి రెండు రోగాలు. ఇంజన్ బోరుకొచ్చి, అంటే సిలిండర్లు లోపల అరిగి, నీలం పొగ కక్కుతోంది. రంగు వెలిసిపోయి చూడ్డానికి దిగులుగా ఉంది. చేతిలో డబ్బు ఒక్కదానికే వస్తుంది. పెద్దమ్మ మనవరాలి పెళ్లి దగ్గరపడింది, పెళ్లికూతుర్ని ఈ బండిలోనే తీసుకెళ్లాలని ఇంట్లో అందరికీ సరదా. దాంతో పెయింట్‌వైపే మొగ్గాను. పెళ్లిలో అందరూ బండి పక్కన నిలబడి ఫొటోలు దిగారు, నిజమే. విడిదికి వెళ్లే దారిలో మా వెనకొచ్చిన స్కూటర్లవాళ్లు ముక్కులు మూసుకున్నారు, అదీ నిజమే.

అందుకని ఇప్పుడు ఎవరైనా "ఇంజన్ ముందా, పెయింట్ ముందా" అని అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: బండి కింద దూరి చూశారా?

లారీకీ జీపుకీ ఉన్నట్టు అంబాసిడర్‌కి విడిగా ఛాసిస్ ఉండదు. ఇంగ్లండ్ బండి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అచ్చుతో బెంగాల్లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ దీన్ని 1950ల చివర మొదలుపెట్టి, 2014 దాకా చేసింది. ఇన్నేళ్లలో ముందు జాలీ మారింది, లైట్లు మారాయి, ఇంజన్లు మారాయి. బాడీయే ఛాసిస్ అన్న సంగతి మాత్రం మారలేదు. ముందు చక్రాల బరువు మోసే టార్షన్ బార్లు వెనక్కి వచ్చి బిగుసుకునేది ముందు సీట్ల దగ్గర ఫ్లోర్ కింద. అక్కడ రేకు చివికితే అది అందం సమస్య కాదు. తలుపుల కింద ఉండే సిల్లులు పోయినా అంతే. బండిని ఒక పక్క జాకీ పెట్టి లేపి, ఆ పక్క తలుపు తీసి వేసి చూడండి. మామూలుగా పడే తలుపు అప్పుడు పట్టేస్తుంటే, బాడీ నడుం వంగుతోందని అర్థం.

కాబట్టి జనం "పెయింట్" అని ఒక్క మాటలో అనేదాంట్లో రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి రేకు పని: చివికిన చోట కోసేసి, కొత్త రేకు కట్ చేసి వెల్డింగ్ చేయడం. రెండోది పైపూత. నాకు పెయింట్ వేసిన షెడ్డులో మొదటిది వదిలేసి రెండోది బ్రహ్మాండంగా చేశారు. తుప్పు మీద లప్పం పెట్టి, రుద్ది, నున్నగా చేసి, పైన పీయూ పెయింట్ కొట్టారు. మొహం కనిపించేంత మెరుపు. లప్పం నీళ్లు పీలుస్తుంది. లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. తప్పు వాళ్లది ఎంతో నాదీ అంతే, ఎందుకంటే పది రూపాయల అయస్కాంతం పట్టుకుని బండి చుట్టూ ఒక్కసారి తిరగాలని నాకు అప్పుడు తోచలేదు. రేకు ఉన్నచోట అయస్కాంతం అంటుకుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. నా బండికి రెండు తలుపుల కింది భాగాల్లో, ఎడమ వెనక మడ్‌గార్డులో, డిక్కీ అంచున జారింది.

ఇక ఇంజన్. ఇక్కడ కూడా "ఇంజన్ పని" అంటే ఒకటి కాదు. ఉన్న ఇంజన్‌ని బాగుచేయించడం వేరు, దాన్ని తీసేసి ఇంకోటి దింపడం వేరు. మా బావ రెండోది చేశాడు, నేను మొదటిది. ఇద్దరివీ ఒకే రకం బండ్లు కాబట్టి పోల్చడం తేలిక.

మార్క్ 4 పెట్రోల్ బండిలో వచ్చేది 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజన్. కొత్తలోనే దాని బలం సుమారు 50 హార్స్ పవర్. బోరుకొచ్చిందని మెకానిక్ అన్న వెంటనే ఇంజన్ బయటికి తీయించకండి. ముందు కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి, చూడమనండి. నాలుగు సిలిండర్లలో రీడింగ్ ఇంచుమించు ఒకేలా ఉండాలి. ఏదైనా తక్కువొస్తే అందులో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. రీడింగ్ పెరిగితే రింగులూ బోరూ అరిగాయి. పెరక్కపోతే అనుమానం వాల్వుల మీదికి వెళ్తుంది, అప్పుడు సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ ఒక్కటి విప్పితే సరిపోవచ్చు. ఈ చెంచా ఆయిల్ పరీక్ష చాలామందికి సగం బిల్లు మిగులుస్తుంది. నాకు మిగల్చలేదు, మూడు సిలిండర్లు పోయాయి.

విజయవాడ ఆటోనగర్‌లో లేత్ దగ్గర పెట్టి కొలిస్తే ఇంజన్ అప్పటికే ట్వంటీ సైజులో ఉంది, అంటే సిలిండర్ అసలు కొలత కంటే అంగుళంలో వెయ్యోవంతులు ఇరవై వెడల్పు. అంటే ఇదివరకోసారి బోరు చేశారు. థర్టీకి వెళ్లాం, ఇక ఫార్టీ ఒక్కటే మిగిలింది. అదీ అయిపోతే సిలిండర్ల లోపల లైనర్లు, అంటే కొత్త గొట్టాలు, వేయించుకోవాలి. అందుకే బోరు చేయించేముందు ఏ సైజులో ఉందో తప్పక అడగాలి. హెడ్ ఎలాగూ విప్పారు కాబట్టి గట్టి వాల్వ్ సీట్లు (వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే రింగులు) వేయించాను. ఈ ఇంజన్లు పుట్టింది సీసం కలిపిన పెట్రోల్ రోజుల్లో. 2000 నాటికి అది దేశమంతటా ఆగిపోయింది. ఆ సీసం లేకపోతే పోతపోసిన హెడ్డులో పాత సీట్లు నెమ్మదిగా అరిగి లోపలికి దిగుతాయి. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. పాత రబ్బరు పైపులనీ, ఇంజన్‌కి పెట్రోల్ అందించే పంపులోని డయాఫ్రమ్ పొరనీ అది మెత్తబరుస్తుంది. వాటిని ఇథనాల్‌కి తట్టుకునేవిగా మార్పించడానికి అయ్యేది తక్కువ. కానీ వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా.

మా బావది వేరే లెక్క. ఆయన బండిలోకి జపాన్ కంపెనీ ఇసుజు వాళ్ల 1800 ఇంజన్ దింపించాడు. 1990ల మొదట్లో కంపెనీయే అంబాసిడర్‌లో పెట్టిన ఇంజన్ అది: 1817 సీసీ, 75 హార్స్ పవర్ దరిదాపు, ఫ్లోర్ మీద ఐదు గేర్లు. నడిపి చూస్తే, ఒప్పుకోవాలి, అసూయ పుడుతుంది. గుంటూరు నుంచి మాచర్ల దాకా ఏసీ వేసుకుని 90లో వెళ్తాడు. రెంటచింతల ఎండలో నా బీఎంసీ ఇంజన్‌కి ఏసీ తగిలిస్తే టెంపరేచర్ ముల్లు చూస్తూ కూర్చోవాలి తప్ప రోడ్డు చూడలేం. రోజూ నడిపేవాడికి ఇసుజులో ఉన్న సుఖం నిజమైనదే.

కాని ఇంజన్ ఒక్కటే వచ్చి కూర్చోదు. గేర్‌బాక్స్ మారాలి, స్టీరింగ్ పక్కనుండే గేరు రాడ్డు పోతుంది, ఫ్లోర్ కోయాలి, మౌంటింగులూ రేడియేటరూ ప్రొపెల్లర్ షాఫ్టూ అన్నీ మళ్లీ సరిచేయాలి. అన్నిటికంటే ముఖ్యం, బ్రేకులు. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే ఉన్న బండికి సగానికి సగం బలం పెంచి, బ్రేకులు మాత్రం అలాగే ఉంచాడు. వినుకొండ రోడ్డులో ఒకసారి గేదె అడ్డొచ్చింది. బండి ఆగింది, కాని రోడ్డు మీద కాదు. గేదెకేమీ కాలేదు, బావకీ ఏమీ కాలేదు. ఆ వారమే ముందు చక్రాలకి డిస్కులు వేయించాడు. "అవే ముందు వేయించాల్సింది రా" అని ఇప్పటికీ అంటాడు.

రెండో చిక్కు కాగితాలది. ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది. ఆర్టీఓ అనుమతి లేకుండా మార్చిన ఇంజన్‌తో తిరిగితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద తప్పు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్‌వాళ్లు ముందు చూసేది ఈ నంబర్లే. రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించుకోవాలి, చాలామంది దాన్ని మర్చిపోతారు. మా బావ ఇంజన్ దింపాక కాగితాల కోసం తిరిగాడు, నాలుగు నెలలు పట్టింది. తిరగడం ముందు, దింపడం తర్వాత అయితే ఆ టెన్షన్ ఉండేది కాదు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు, "వీఏ" అక్షరాలతో వేరే నంబరు వస్తుంది. దానికి బండి అసలు రూపంలోనే ఉండాలి: ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదు. నా బండికి 2034లో 50 నిండుతాయి, నాకు ఆ దారి తెరిచే ఉంది. బావకి మూసుకుపోయింది. అలాగని వింటేజ్ నంబరు వరమేం కాదు. ఆ బండిని రోజువారీ పనులకి రోడ్డు మీద తిప్పకూడదు, ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోల్, రిపేరు లాంటి వాటికే తీయాలి. ఆఫీసుకి వెళ్లే బావకి దానితో పనేలేదు.

ఖర్చు చూస్తే నాకు ఇంజన్ పని మొత్తం 70 వేల దగ్గర తేలింది. మొదటిసారి పెయింట్‌కి అంతకంటే ఎక్కువే పెట్టి పోగొట్టుకున్నాను. రెండోసారి సరిగ్గా చేయించిన రేకు పని ఒక్కటే లక్ష దాటింది, అందులో మేస్త్రీ కూలీయే ఎక్కువ. ఆ టింకరింగ్ మేస్త్రీ మొదటి రోజు బండి కింద పడుకుని సుత్తితో కొడుతూ అన్నమాట: "ఇంజన్ షెడ్డుకొచ్చి పదేళ్లు పడున్నా మళ్లీ లేపొచ్చు సారూ. రేకు మాత్రం మీరు నిద్రపోతున్నప్పుడు కూడా తింటానే ఉంటది."

నా తీర్పు కూడా అదే. రేకు ముందు. తర్వాత బ్రేకులు. తర్వాత ఉన్న ఇంజన్‌నే బాగుచేయించడం. పెయింట్ అన్నిటికంటే చివర, అది కూడా ఇంజన్ ఎక్కించడం అయ్యాకే. లేకపోతే చైన్ కప్పీతో ఇంజన్ దింపేటప్పుడు కొత్త మడ్‌గార్డుకి గీత పడకుండా ఆపగలిగినవాణ్ని నేనింతవరకు చూడలేదు. ఇసుజు ఆలోచన నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాళ్లకే, అదీ డిస్కులతో కలిపి, కాగితాలు ముందే చేతికొస్తేనే. ఆదివారం పూట ఊరిచివరి దాకా వెళ్లొచ్చేవాళ్లకి బీఎంసీ ఇంజన్ చాలు, ఆ స్టీరింగ్ గేరులోనే మజా ఉంది. అమ్మేద్దామనుకునేవాళ్లు రెండూ చేయించకండి. తెలిసిన కొనుగోలుదారు కొత్త పెయింట్ చూస్తే కింద ఏం దాచారోనని భయపడతాడు. వెలిసినా సరే, కంపెనీ రంగుకే ఎక్కువిస్తాడు. ఫ్యాక్టరీ మూతపడింది కదా, సామాన్లు దొరుకుతాయా అని వెనకాడక్కర్లేదు. ఆటోనగర్‌లో లేనివి కోల్‌కతా మల్లిక్ బజార్ నుంచి వస్తాయి. అక్కడి పసుపు టాక్సీలు దశాబ్దాల పాటు ఇవే కదా.

ప్రస్తుతం నా బండి పొగలేకుండా నడుస్తోంది. కింద రేకు కొత్తది. పెయింట్ డబ్బులు ఇంకా కూడలేదు. మామూలు ప్రైమర్ నీళ్లు లాగేస్తుందని మేస్త్రీ ఎపాక్సీ ప్రైమర్ కొట్టాడు, దాంతో ఆ రెండు తలుపులూ, మడ్‌గార్డూ, డిక్కీ అంచూ బూడిదరంగులో, మిగతాదంతా తెల్లగా తిరుగుతోంది. వచ్చే మాఘమాసంలో మేనల్లుడి పెళ్లి. "పాండాలాగా ఉన్న ఈ బండిలో నేను రాను" అని అమ్మ ఇప్పటికే చెప్పేసింది. ఆవిడ మా బావ ఇసుజు బండిలో వెళ్తుందట.