నల్గొండ సినిమా క్లబ్‌కు ఏది: దేవదాసా, లీవింగ్ లాస్ వేగాసా?

రెండూ తాగి తాగి చచ్చే ప్రేమికుడి కథలే. ఉన్నది ఒక్క సాయంత్రం. ఏది వేయాలె?

నిడివి: ‘దేవదాసు’ (1953) మూడు గంటలు దాటుతది, నడుమ చాయ్ తప్పదు. ‘లీవింగ్ లాస్ వేగాస్’ (1995) రెండు గంటల లోపే.

ఖర్చు: మన చట్టంలో సినిమా మీద కాపీరైట్ 60 ఏళ్లు. దేవదాసుది 2013తోనే తీరింది. పాటల రచన హక్కుల సంగతి విడిగా అడగాలె. రెండోదానికి అనుమతి తీసుకోవాల్సిందే.

తాగుడు: అసలు తేడా ఇక్కడ. అక్కినేని తాగుడు విరహం, దానికి ఘంటసాల గొంతు అందం అద్దింది. ఆ అందంతోనే భయం. నికొలస్ కేజ్ అయితే బ్యాంకులో చెక్కు మీద సంతకం పెట్టలేడు, చెయ్యి అంత వణుకుతది. మందు మత్తు దిగిపోతే వచ్చే వణుకు అది. పాలమూరులో కల్తీ కల్లు ఒక్కసారి ఆగి ఫిట్స్ వచ్చినోళ్లను చూసిన జనానికి వేరే వివరణ అక్కర్లేదు.

ప్రేమ: చంద్రముఖి వృత్తి వదిలి సేవ చేస్తది. రెండోదాంట్ల వేశ్య సేరా, తాగొద్దని ఎన్నడూ అననని ఒప్పుకుంటది, జేబులో పెట్టుకునే మందు సీసా కానుకగా ఇస్తది. ఆఖరుకు డాక్టర్ దగ్గరికి పొమ్మంటే గొడవే.

ముసలోళ్లు, పిల్లలు వస్తే దేవదాసు. రెండోదాంట్ల అత్యాచార దృశ్యం ఉంది, పెద్దలకే. తాగే మనిషి ఉన్న ఇండ్లవాళ్లు వచ్చే సభకైతే అదే వేసి, తర్వాత అరగంట మాటలకు వదలాలె.